ఆన్ చేయగానే వైరస్ అలర్ట్: అపోహలు, వాస్తవాలు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో మా రిపేర్ కౌంటర్‌కు వచ్చేవాళ్లలో చాలామంది అడిగేది ఒకటే: "ఆన్ చేయగానే వైరస్ అని వస్తోంది, ఫార్మాట్ కొట్టేయండి." చాలాసార్లు ఫార్మాట్ అక్కర్లేదు. డబ్బూ పోతుంది, బ్యాకప్ లేకపోతే పిల్లల ఫొటోలూ పోతాయి. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: కింద మూలన వైరస్ అలర్ట్ వచ్చిందంటే వైరస్ పట్టినట్టే.

వాస్తవం: ముందు ఆ అలర్ట్ పంపిందెవరో చూడండి. ఈమధ్య తార్నాక నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు ల్యాప్‌టాప్ తెచ్చారు. "బాబూ, పెన్షన్ కాగితాలన్నీ ఇందులోనే ఉన్నాయి, పోతాయా?" అని ఒకటే టెన్షన్. ఆన్ చేయగానే ఎర్రటి గుర్తుతో 'మీ కంప్యూటర్‌కు రక్షణ ముగిసింది' అని ఇంగ్లీషులో వచ్చింది. అదే డబ్బాలో చిన్న అక్షరాలతో గూగుల్ క్రోమ్ అన్న పేరు, ఎన్నడూ వినని ఏదో సైట్ అడ్రస్ ఉన్నాయి. అంటే అది యాంటీవైరస్ మాట కాదు, ఒక వెబ్‌సైట్ పంపిన నోటిఫికేషన్. "ఏమీ పోవు సార్" అని ఆయనకే చూపించాను.

క్రికెట్ లైవ్ కోసమో, ఉచిత పీడీఎఫ్ కోసమో వెళ్లిన సైట్ 'మీరు రోబో కాదని చెప్పడానికి అలో నొక్కండి' అంటుంది. నొక్కితే నోటిఫికేషన్లు పంపే అనుమతి ఇచ్చేసినట్టే. క్రోమ్ కిటికీ మూసేసినా అది వెనకాల నడుస్తూ ఉండొచ్చు, అందుకే అవి వస్తూనే ఉంటాయి. ఆపాలంటే క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరవండి. తెలియని సైట్లన్నిటినీ బ్లాక్ చేయండి. రిమూవ్ చేస్తే ఆ సైట్ మళ్లీ అడగగలదు కాబట్టి నేను బ్లాకే చేయమంటాను.

అపోహ: ఫార్మాట్ చేస్తే పిచ్చి ఎక్స్‌టెన్షన్ల పీడ వదులుతుంది.

వాస్తవం: ఎక్స్‌టెన్షన్ అంటే బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్. మీ జీమెయిల్‌తో క్రోమ్‌లో సింక్ (మీ సెట్టింగ్స్‌ను గూగుల్ ఖాతాలో దాచిపెట్టే ఏర్పాటు) ఆన్ అయి ఉంటే, ఫార్మాట్ తర్వాత లాగిన్ అవగానే ఆ ఎక్స్‌టెన్షన్ కూడా వెనక్కి వచ్చేస్తుంది. ముందు ఎక్స్‌టెన్షన్స్ పేజీలోంచే తీసేయాలి. రిమూవ్ బటన్ పనిచేయకుండా, మెనూలో 'మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్' అని కనిపిస్తే జాగ్రత్త. మాదాపూర్ ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో అది మామూలే, మీ ఐటీ టీమ్‌నే అడగండి. సొంత ల్యాప్‌టాప్‌లో కనిపిస్తే మాత్రం ఏదో ప్రోగ్రామ్ రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోట, క్రోమ్‌కు పాలసీ (మీరు మార్చలేని నియమం) పెట్టి ఉండొచ్చు. విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసిన యాప్స్ చూసి అనుమానం వచ్చినదాన్ని తీసేయండి. రిజిస్ట్రీ జోలికి మాత్రం తెలిసినవాళ్లనే వెళ్లనివ్వండి.

అపోహ: క్రోమ్ స్టోర్‌లో ఉంది, లక్షలమంది వాడుతున్నారు, కాబట్టి సేఫ్.

వాస్తవం: ది గ్రేట్ సస్పెండర్ అనే ఎక్స్‌టెన్షన్‌ను దాదాపు 20 లక్షల మంది వాడేవారు. తయారుచేసినతను 2020లో వేరేవాళ్లకు అప్పగించాడు. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) అని తీసేసింది. 'అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాను చదవడం, మార్చడం' అనే అనుమతి అడిగితే ఆగి ఆలోచించండి. పీడీఎఫ్ మార్చే ఎక్స్‌టెన్షన్‌కు మీ బ్యాంకు పేజీతో పనేమిటి?

అపోహ: రెండు యాంటీవైరస్‌లు ఉంటే రెట్టింపు రక్షణ.

వాస్తవం: రెండూ ఒకదానితో ఒకటి కొట్టుకుని సిస్టమ్ నెమ్మదిస్తుంది. కొత్త ల్యాప్‌టాప్‌తో వచ్చిన ట్రయల్ ముగిసి రెన్యూవల్ అడుగుతుంటే, కొనే ఉద్దేశం లేకపోతే అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి. విండోస్ 10, 11లో మైక్రోసాఫ్ట్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ ఎలాగూ ఉంది, తిరిగి పని మొదలుపెడుతుంది. విండోస్ సెక్యూరిటీ తెరిచి ఒకసారి చూసుకోండి.

అపోహ: వైరస్ అలర్ట్‌లో 'ఫోన్ చేయండి' అంటూ స్క్రీన్ మీద వచ్చిన నంబర్ మైక్రోసాఫ్ట్‌దే.

వాస్తవం: కాదు. మైక్రోసాఫ్ట్ తన ఎర్రర్ మెసేజ్‌లలో ఫోన్ నంబర్ పెట్టదు. స్క్రీనంతా కమ్మేసి మూసుకోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ఆపేయండి. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు రీస్టోర్ చేయొద్దు. ఇప్పటికే ఎవరికైనా రిమోట్ యాక్సెస్ (దూరం నుంచి మీ కంప్యూటర్ నడిపే అనుమతి) ఇచ్చి ఉంటే వెంటనే నెట్ తీసేసి, పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా బ్యాంకుకు చెప్పి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.