ట్రైనింగ్ అయ్యింది, ప్యానెల్ మీద గుడ్డ మాత్రం తీయలేదు: టీచర్ల అపోహలు – వాస్తవాలు

పోయిన వారం స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో (చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే సమావేశం), క్లాసుల్లో పెట్టిన ప్యానెళ్ల (బోర్డులా వాడే పెద్ద టచ్ స్క్రీన్ల) గురించి మళ్లీ అదే మాట. "మేడం, ముందు మాకు పూర్తిగా ట్రైనింగ్ ఇవ్వండి. అన్నీ వచ్చాక క్లాసులో వాడతాం." విజయనగరం జిల్లాలో ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను, రిసోర్స్ పర్సన్‌గా తోటి టీచర్లకు తరగతులు తీసుకుంటున్నాను. ఈ మాట వినపడని మీటింగు నాకు గుర్తులేదు. మనకు ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే కాబట్టి ముందు దీని సంగతి చెబుతాను.

అపోహ: అన్నీ నేర్చుకున్నాకే ముట్టుకోవాలి.

వాస్తవం: ముట్టుకోనిదే ఏదీ రాదు. ఫోన్‌లో డబ్బు పంపడం మీకు ఏ ట్రైనింగులో నేర్పారు? పాలబ్బాయికి ఇవ్వాల్సి వచ్చింది, నేర్చుకున్నారు.

ఒకప్పుడు నేనూ రెండు రోజుల ట్రైనింగుకి వెళ్లాను. పొద్దున్నుంచి సాయంత్రం వరకు తెర మీద స్లైడ్లే. పద్నాలుగు పేజీలు రాసుకున్నాను. సోమవారం ప్యానెల్ ముందు నిలబడితే తెల్ల పేజీ ఎక్కడ తెరవాలో తెలియలేదు. వెనక నలభై మంది పిల్లలు. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు, అందుకే భయపడే టీచర్లను నేను ఏమీ అనను. ఆ రెండు రోజుల్లో నా వేలు ఒక్కసారైనా స్క్రీన్‌కి తగల్లేదు, ఇంకెలా వస్తుంది?

ఇప్పుడు నేను స్లైడ్లు చూపించను, పని ఇస్తాను. ఇద్దరికి ఒక ఫోను, నలభై నిమిషాలు. చుట్టూ దొరికిన వస్తువులతో అయిదు సెకన్ల స్టాప్‌మోషన్ వీడియో చేయాలి, అది మీ సబ్జెక్టులో ఒక పాఠానికి పనికిరావాలి. వస్తువును కొంచెం జరిపి ఫొటో, మళ్లీ జరిపి ఫొటో. సెకనుకి ఎనిమిది చొప్పున నలభై ఫొటోలు. ఇంతకు మించి చెప్పను.

ఒకసారి ఒక తెలుగు మాస్టారు కుర్చీలోంచి లేవలేదు. "ఇంక రెండేళ్ల సర్వీసుంది, నాకెందుకమ్మా ఇవన్నీ" అన్నారు. "మాస్టారూ, ఒక్క అక్షరం చేయండి చాలు" అన్నాను. వంటగదిలోంచి చింతపిక్కలు తెప్పించుకున్నారు. పిక్కలు ఒక్కొక్కటీ జరిగి 'క' అయ్యేలా, దానికి గుడి, కొమ్ము వచ్చి చేరేలా మొదలుపెట్టారు. మొదటిసారి ఫోన్ కదిలి బొమ్మంతా ఎగిరింది. రెండోసారి చేతి నీడ పడింది. మూడోసారి రెండు ఇటుకల మధ్య ఫోన్ నిలబెట్టి, కిటికీకి ఎదురుగా జరిగి కూర్చున్నారు. ఫోన్ కదలకూడదని, వెలుతురు ఒకేలా ఉండాలని ఆయనకి ఎవరూ చెప్పలేదు. భోజనానికి పిలిచినా లేవలేదు. మరుసటి వారం ఆయన క్లాసులో పిల్లలే పిక్కలు పేరుస్తున్నారని హెచ్‌ఎం ఫోన్ చేసి చెప్పారు.

1967లో పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ ప్రోగ్రామింగ్ భాషను తయారుచేసినవారిలో ఒకరైన సీమోర్ పాపర్ట్ జీవితమంతా ఇదే వాదించారు: మనిషి ఒక వస్తువును తయారుచేస్తూ ఉంటే నేర్చుకోవడం దానంతట అదే గట్టిపడుతుంది. టీచర్లూ మనుషులే కదా.

రిసోర్స్ పర్సన్లకు ఒక మాట. ఎవరైనా ఆగిపోతే వాళ్ల చేతిలోంచి ఫోన్ లాక్కుని మీరు చేసి పెట్టకండి. పని అయిపోతుంది గానీ, 'ఇది నా వల్ల కాదు' అని వాళ్లు తేల్చేసుకుంటారు. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాను.

అపోహ: ప్యానెల్ పాడైతే జీతంలోంచి కోస్తారు.

వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఈ పుకారంటే నాకు ఒళ్లు మంట. నేను పనిచేసిన చోట్ల వాడినందుకు జీతం పోయినవాళ్లు ఒక్కరూ లేరు. గుడ్డ కప్పి తాళం వేసిన గదులు మాత్రం చాలా చూశాను. లోపల ఉన్నది మీ ఫోన్‌లాంటి ఆండ్రాయిడే, తప్పు నొక్కితే వెనక్కి రావచ్చు. జాగ్రత్తలు నాలుగే: మార్కర్ పెన్నుతో రాయకండి, నీళ్లు చల్లి తుడవకండి, ఆఫ్ చేశాకే ప్లగ్ తీయండి, ఉరుములొస్తే తీసి ఉంచండి.

అపోహ: నెట్ లేకపోతే ఏమీ చేయలేం. జియోజీబ్రా (లెక్కల బొమ్మలు గీసే యాప్), స్క్రాచ్ (పిల్లలు బ్లాకులు పేర్చి ప్రోగ్రాములు చేసే యాప్) ఒకసారి ఎక్కించుకుంటే నెట్ లేకుండానే పనిచేస్తాయి, రెండూ ఉచితం. స్టాప్‌మోషన్‌కి కెమెరా చాలు.

అపోహ: సిలబస్ పూర్తికాదు. నేనిచ్చే ఇలాంటి పని అంటే పాఠం పక్కన పెట్టి ఆడే ఆట కాదు, పాఠమే.

బడి తెరిచాక జూన్ మూడో వారంలో ఇది చేసి చూడండి. మూడడుగుల కర్ర నిటారుగా పాతి తొమ్మిదికి, పన్నెండుకి, మూడుకి దాని నీడను ఫొటో తీసి, మూడూ ప్యానెల్ మీద పక్కపక్కన పెట్టండి. మధ్యాహ్నం నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుందని ఏళ్లుగా చెబుతున్న ఒక సోషల్ మేడం ఆ పన్నెండు గంటల ఫొటో దగ్గర ఆగిపోయారు. మన ఉత్తరాంధ్ర కర్కట రేఖకు దిగువన, 18 డిగ్రీల దగ్గర ఉంది. ఆ రోజుల్లో మధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తిని దాటి ఉత్తరానికి ఒరుగుతాడు. నీడ పడింది దక్షిణానికి, మూడంగుళాలు.