తెలిసినవాళ్లు లేని పిల్లల కోసం

2023 ఆగస్టులో అమెరికాలో రెండు పెద్ద న్యాయవాద సంస్థల మీద ఒకేసారి కేసులు పడ్డాయి. పెర్కిన్స్ కూయీ మీద టెక్సస్‌లో, మోరిసన్ ఫోర్‌స్టర్ మీద ఫ్లోరిడాలో. లా చదివే నల్లజాతి, లాటినో, ఇతర వెనకబడిన వర్గాల పిల్లలకు ప్రత్యేకంగా ఫెలోషిప్‌లు ఇస్తున్నారన్నది అభియోగం. వేసవిలో ఆఫీసులో పని, దానికి జీతం, పైన కొంత సొమ్ము. దరఖాస్తు చేసేవాడి జాతి చూసి అవకాశం ఇస్తే అది వివక్ష కాదా అన్నది వాదన. రెండు మూడు నెలలు తిరక్కుండానే రెండు సంస్థలూ అర్హత నిబంధనలు మార్చుకున్నాయి. కేసులు వెనక్కి పోయాయి.

అక్కడ 'స్టూడెంట్స్ ఆఫ్ కలర్' అని పిలిచే, తెల్లజాతికి చెందని పిల్లల కోసం ఇలాంటి ఫెలోషిప్‌లు, ఇంటర్న్‌షిప్‌లు, ప్రత్యేక ఉద్యోగ మేళాలు వందల సంఖ్యలో పుట్టుకొచ్చాయి. ఎందుకు పుట్టాయో తెలియాలంటే, అవేవీ లేని రోజుల్లో డిగ్రీ చేతికొచ్చిన నల్లజాతి కుర్రాడు ఎక్కడికి వెళ్లేవాడో చూడాలి.

వెళ్లడానికి పెద్దగా దారులు లేవు. హోవర్డ్, ఫిస్క్, టస్కీగీ లాంటి నల్లజాతి కాలేజీల్లో చదివినవాళ్లు బడిపంతుళ్లయ్యేవారు, చర్చి పాస్టర్లయ్యేవారు, తమవాళ్లకే వైద్యం చేసే డాక్టర్లయ్యేవారు. పోస్టాఫీసు ఉద్యోగం వస్తే అదృష్టం. డిగ్రీ పెట్టెలో పెట్టుకుని రైళ్లలో పుల్‌మన్ పోర్టర్లుగా పక్కలు పరిచినవాళ్లూ ఉన్నారు. కంపెనీలవాళ్లు ఆ కాలేజీల గేటు దాటి లోపలికి రావడమే అరుదు. ఆర్థికవేత్త రిచర్డ్ ఫ్రీమన్ దీన్ని లెక్క తీశారు. 1960లో ఒక్కో నల్లజాతి కాలేజీకి సగటున నలుగురు కంపెనీ ప్రతినిధులు వచ్చారు. 1970 నాటికి ఆ సంఖ్య 297.

పదేళ్లలో 4 కాస్తా 297 అయిందంటే కంపెనీలకు ఉన్నట్టుండి జ్ఞానోదయం కలిగిందనుకోకండి. సర్కారు కాంట్రాక్టులు పోతాయన్న భయం పట్టుకుంది. 1961 మార్చిలో కెనడీ ఇచ్చిన ఉత్తర్వు, ప్రభుత్వంతో వ్యాపారం చేసే కంపెనీలు జాతి వివక్ష చూపకూడదంది. ఆ వెంటనే జార్జియాలోని మారియెట్టాలో లాక్‌హీడ్ విమానాల ఫ్యాక్టరీ మీద ఫిర్యాదులు వెళ్లాయి. మే నెలకల్లా ఆ కంపెనీ మారతానని సంతకం పెట్టింది. 1964 పౌరహక్కుల చట్టం ఉద్యోగాల్లో వివక్షను నేరుగా నిషేధించింది. 1965 సెప్టెంబర్ 24న తర్వాతి అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేసిన 11246 నంబరు ఉత్తర్వు దీనికి కోరలు పెట్టింది. దాని కింద వచ్చిన నిబంధనల ప్రకారం కనీసం 50 మంది సిబ్బంది, 50,000 డాలర్ల కాంట్రాక్టు ఉన్న కంపెనీ ప్రతి ఏడూ తన నియామకాల ప్రణాళిక రాసి చూపించాల్సి ఉండేది. రాయాలంటే ముందు మనుషులు దొరకాలి కదా. అందుకే సూటూ బూటూ వేసుకున్న రిక్రూటర్లు నల్లజాతి కాలేజీల బాట పట్టారు.

గేటు తెరుచుకుంది గానీ అసలు తలుపు ఇంకా లోపలే ఉంది. ఆర్కన్సాలో సౌత్‌వెస్టర్న్ బెల్ టెలిఫోన్ కంపెనీ మీద పర్హామ్ అనే నల్లజాతి వ్యక్తి వేసిన కేసు 1970లో అప్పీలు కోర్టులో తేలింది. ఆ కంపెనీ కొత్తవాళ్లను ఎక్కువగా పాత ఉద్యోగుల సిఫారసు మీదే తీసుకునేది. పాతవాళ్లలో అత్యధికులు తెల్లవాళ్లు. వాళ్లకు తెలిసినవాళ్లూ తెల్లవాళ్లే. నల్లవాళ్లను తీసుకోవద్దని ఎవరూ బోర్డు పెట్టలేదు, పెట్టాల్సిన పనీ లేకపోయింది. నోటిమాట మీద నడిచే ఈ నియామకమే వివక్షగా పనిచేసిందని కోర్టు తేల్చింది. ఈ వ్యవహారమంతటికీ నాడి ఇక్కడే దొరుకుతుంది. 'మావాడొకడున్నాడు, చూడండి' అన్న మాటలో దురుద్దేశం ఏమీ ఉండదు. ఆ మాట అనేవాడు ఒక్కడూ లేని ఇళ్లలో పుట్టిన పిల్లల సంగతే ప్రశ్న.

అదే ఏడు షికాగోలో ఫ్రాంక్ కార్ అనే తెల్లజాతి ఆయన ఇన్‌రోడ్స్ సంస్థ మొదలుపెట్టారు. 25 మంది విద్యార్థులు, 17 కంపెనీలు, అంతే. కాలేజీలో ఉండగానే వేసవి సెలవుల్లో కంపెనీలో పని చేయించడం, పక్కన ఒక పెద్దమనిషిని పెట్టి ఆఫీసు మర్యాదలు నేర్పించడం, చదువు అయ్యాక అక్కడే ఉద్యోగం దొరికేలా చూడటం. న్యూయార్క్‌లో 1963 నుంచి హైస్కూలు పిల్లలకు చదువులో తోడ్పడుతున్న ఎస్ఈఓ (స్పాన్సర్స్ ఫర్ ఎడ్యుకేషనల్ ఆపర్చునిటీ) సంస్థ 1980లో అదే పద్ధతిని వాల్‌స్ట్రీట్ బ్యాంకుల దాకా తీసుకెళ్లింది. ఇంట్లో మేనమామ చేసే పనిని జీతాలిచ్చి ఒక సంస్థ చేత చేయించడమన్నమాట.

ఇవన్నీ పెద్దలు పూనుకుని పెట్టినవి. పిల్లలే పెట్టుకున్నది ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ యూనివర్సిటీలో పుట్టింది. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా నచ్చే ముక్క అదే. 1960ల చివర్లో అక్కడ ఇంజనీరింగ్‌లో చేరిన నల్లజాతి ఫ్రెషర్లలో 80 శాతం మంది మధ్యలోనే మానేసేవారు. తెలివి తక్కువై కాదు. క్లాసులో పక్కన కూర్చునేవాడు ఉండడు, పాత ప్రశ్నపత్రాలు అందవు, ల్యాబులో జట్టు కట్టేవాడు దొరకడు. హాస్టల్లో సీనియర్ల నోట్సు మీద బతికిన మన ఇంజనీరింగ్ తరాలకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. 1971లో ఎడ్వర్డ్ బార్నెట్, ఫ్రెడ్ కూలీ అనే ఇద్దరు విద్యార్థులు డీన్ దగ్గరకు వెళ్లి, మాకొక సంఘం కావాలి అన్నారు. తర్వాత దాన్ని షికాగో నుంచి వచ్చిన ఆరుగురు కుర్రాళ్లు భుజానికెత్తుకున్నారు. సంఘం అధ్యక్షుడు ఆంథొనీ హారిస్ దేశంలో గుర్తింపు ఉన్న 288 ఇంజనీరింగ్ కాలేజీల ప్రెసిడెంట్లకు, డీన్లకు ఉత్తరాలు రాశాడు. మీ దగ్గర నల్లజాతి విద్యార్థులుంటే, వాళ్ల సంఘాలుంటే చెప్పండి అని. ఈమెయిల్ లేని రోజులు. టైపు కొట్టడం, కవర్లు అంటించడం, ఎన్ని జవాబులొస్తాయో అని ఎదురుచూడటం. 1975 ఏప్రిల్‌లో 32 కాలేజీల నుంచి 48 మంది పర్డ్యూకు వచ్చి మూడు రోజులు కూర్చున్నారు. నేషనల్ సొసైటీ ఆఫ్ బ్లాక్ ఇంజనీర్స్ అలా ఏర్పడింది. దాని వార్షిక సమావేశం ఇప్పుడు పెద్ద ఉద్యోగ మేళా కూడా. రెజ్యూమెల ఫోల్డరు చంకలో పెట్టుకుని, కొత్త బూట్లు కరుస్తున్నా నవ్వుతూ, స్టాల్ నుంచి స్టాల్‌కు తిరిగే పిల్లలు అక్కడ కనిపిస్తారు. సభ్యత్వానికి జాతి నిబంధన పెట్టుకోలేదు, ఎవరైనా చేరొచ్చు.

ఇంత చేశాక కూడా పేరు దగ్గర ఆగిపోయేది వ్యవహారం. మరియన్ బెర్ట్రాండ్, సెంథిల్ ములైనాథన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు బోస్టన్, షికాగో పత్రికల్లో వచ్చిన ప్రకటనలకు దాదాపు 5,000 కల్పిత రెజ్యూమెలు పంపారు. కొన్నిటి మీద ఎమిలీ, గ్రెగ్ లాంటి తెల్లవాళ్ల పేర్లు, కొన్నిటి మీద లకీషా, జమాల్ లాంటి నల్లవాళ్ల పేర్లు. 2004లో ఫలితాలు వేశారు. తెల్లపేరుకు పది రెజ్యూమెలకు ఒక ఫోన్ వస్తే నల్లపేరుకు పదిహేను పంపితే గానీ రాలేదు. ఇంకో సంగతి ఎక్కువ కలుక్కుమంటుంది. రెజ్యూమెను మెరుగుపరిస్తే తెల్లపేరుకు ఫోన్లు బాగా పెరిగాయి, నల్లపేరుకు అంతగా పెరగలేదు. 'బాగా చదువుకో, అన్నీ అవే వస్తాయి' అనే సలహాకు అక్కడే గండి పడుతుంది.

ఇక మనవాళ్లు ఈ కథలో ఎక్కడున్నారు? జాన్సన్ 11246 ఉత్తర్వు మీద సంతకం పెట్టిన తొమ్మిది రోజులకే, 1965 అక్టోబర్ 3న, కొత్త వలస చట్టం మీద కూడా పెట్టారు. గుంటూరు, విశాఖ, హైదరాబాద్ మెడికల్ కాలేజీల డాక్టర్లు, వెనకే ఇంజనీర్లు ఆ దారినే వెళ్లారు. ఆ రెండు సంతకాలూ ఒకే పౌరహక్కుల గాలిలో పడినవి. తేడా ఏమిటంటే మనవాళ్లు డిగ్రీలు చేతబట్టుకుని, క్లాస్‌మేట్ల చిరునామాలు జేబులో పెట్టుకుని దిగారు. పూర్వ విద్యార్థుల సంఘాలు, 1977లో తానా, తర్వాత ఆటా. పేరుకు సాంస్కృతిక సంఘాలు, పండగ భోజనాల దగ్గర ఉద్యోగాల కబుర్లు. పర్డ్యూ కుర్రాళ్లు 288 ఉత్తరాలతో వెతికి పట్టుకున్న చుట్టరికం మనకు కాలేజీ పేరు, ఊరి పేరు, మనం మాట్లాడుకోని కులం పేరు మీద సగం సిద్ధంగానే దొరికింది. స్టూడెంట్స్ ఆఫ్ కలర్ అన్న మాటలో భారతీయులూ వస్తారు. కానీ 'తగినంత ప్రాతినిధ్యం లేనివారు' అని లెక్కగట్టే చాలా కార్యక్రమాల్లో రారు.

ఆ ఇరుకే 2023 జూన్ 29న సుప్రీంకోర్టు తీర్పులో బయటపడింది. హార్వర్డ్ ఆసియన్ విద్యార్థులకు అన్యాయం చేస్తోందన్న వాదనతో, నార్త్ కరోలినా యూనివర్సిటీ మీద మరో కేసు కలిపి, ప్రవేశాల్లో జాతిని పరిగణించే పద్ధతిని కోర్టు కొట్టేసింది. కేసు నడిపించిన ఎడ్వర్డ్ బ్లమ్ తెల్లజాతివారు. రెండు నెలల్లోపే ఆ న్యాయవాద సంస్థల మీద కేసులు వేయించిందీ ఆయనే. తీర్పు కాలేజీ ప్రవేశాల గురించే, ఉద్యోగాల గురించి కాదు. అయినా కంపెనీల లాయర్లు ఫైళ్లు తిరగేయడం మొదలెట్టారు. టెక్సస్‌లో 2024 జనవరి 1 నుంచి ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఇలాంటి పిల్లలకు తోడ్పడే వైవిధ్య (డైవర్సిటీ) కార్యాలయాలు నిషిద్ధం. 2025 జనవరి 21న ట్రంప్ ఆ 11246 ఉత్తర్వును రద్దు చేశారు. అరవై ఏళ్లు నిండలేదు దానికి.

అవతలివాళ్ల వాదనలో పస లేదని నేను అనను. వెస్ట్ వర్జీనియా బొగ్గు గని కార్మికుడి కొడుకుకూ న్యూయార్క్‌లో తెలిసినవాళ్లెవరూ ఉండరు, వాడి ఒంటి రంగు వాడికి ఇంటర్న్‌షిప్ తెచ్చిపెట్టదు. అలాగని ఆ కుర్రాడి కోసం ఎవరూ కొత్త సంస్థ కట్టలేదు. ఉన్నవాటి తలుపు మీద పేరు మాత్రం మార్చారు.

టెక్సస్‌లో డెంటన్‌లోనో ఆర్లింగ్టన్‌లోనో మాస్టర్స్ పూర్తి చేసిన తెలుగబ్బాయికి ఈ చరిత్ర తెలిసి ఉండకపోవచ్చు. ఓపీటీ, అంటే చదువయ్యాక కొంతకాలం పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి, మొదలయ్యాక మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదన్న నిబంధన మాత్రం బాగా తెలుసు. అందుకే వాట్సాప్ గ్రూపులో జాబ్ ఐడీ పెట్టి, 'అన్నా, ఎవరైనా ఈ కంపెనీలో ఉంటే రెఫరల్ ప్లీజ్' అని రాస్తాడు. పది నిమిషాల్లో ఎవరో ఒక అన్న స్పందిస్తాడు. అతను తన కంపెనీ పోర్టల్ తెరుస్తాడు. ఈ అభ్యర్థి మీకు ఎలా తెలుసు అని అక్కడొక గడి ఉంటుంది. ఒక్కసారీ కలవకపోయినా, 'ఫ్రెండ్' అని నొక్కుతాడు.