కంచుకోటలో మిగిలిన నాలుగు

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు పెదతాతయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేనూ మీ మామ్మా క్షేమం. వాన మామూలే.

మొన్న ఫోనులో మీలో చిన్నది ఒక ప్రశ్న వేసింది. "తాతయ్యా, బ్రిటన్‌లో రెండే పెద్ద పార్టీలని మా టీచరు చెప్పారు. మరి టీవీలో ఐదారు పేర్లు వినిపిస్తున్నాయేమిటి?" టీచరు తప్పు చెప్పలేదమ్మా. ఆమె చదువుకున్న రోజులకు అది నిజం. ఫోనులో వివరించబోతే మధ్యలో మీరు క్రికెట్ స్కోరు అడుగుతారు కనుక ఉత్తరం రాస్తున్నాను.

ముందు లెక్క. 1951లో ఇక్కడ పోలైన ప్రతి వంద ఓట్లలో దాదాపు 97 లేబర్‌కో కన్జర్వేటివ్‌లకో పడ్డాయి. 2024 జూలైలో ఆ రెండింటికీ కలిపి పడినవి 57. అసలు ఓటు వేయడానికి వచ్చిందే అరవై శాతం మంది. మిగిలినవాళ్లు ఇంట్లోనే ఉండిపోయారు. ఈ అంకెల వెనక జరిగిందేమిటో చెప్పాలంటే నాకు తెలిసిన చోటి నుంచే మొదలుపెట్టాలి.

నేను 1979లో డాక్టరుగా వచ్చి స్థిరపడింది ఇంగ్లండు ఈశాన్య మూలన ఉన్న డర్హమ్ కౌంటీలో. మీకు సింగరేణి తెలుసు కదా, ఇదీ అలాంటి బొగ్గు నేలే. కొత్తలో నా దగ్గరకు వచ్చే మగవాళ్లలో సగం మంది గని కార్మికులు. వీపు మీద స్టెతస్కోపు పెడితే లోపల గాలి ఈల వేసేది. ఇంటింటా లేబర్ పార్టీయే. వాళ్లకది ఇంటిపేరు లాంటిది, తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. గాడిదకు లేబర్ వాళ్ల ఎర్ర రిబ్బను కట్టి నిలబెట్టినా ఇక్కడ గెలుస్తుందని వాళ్లే నవ్వుతూ చెప్పేవారు. అది గర్వంతో అన్న మాట అనుకునేవాడిని. అందులో అవమానం కూడా ఉందని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

1984 మార్చి నుంచి ఏడాది పాటు గని కార్మికులు సమ్మె చేశారు. ఓడిపోయారు. తరువాత గనులు ఒకటొకటిగా మూతపడ్డాయి. 1993లో ఈ బొగ్గు ప్రాంతంలోని చివరి గని మాంక్‌వేర్‌మౌత్ మూసేశారు. ఇప్పుడక్కడ ఫుట్‌బాల్ స్టేడియం ఉంది. 1997లో లేబర్ ఘనవిజయం సాధించి టోనీ బ్లెయిర్ ప్రధాని అయ్యాడు. ఆయన మా కౌంటీలోని సెడ్జ్‌ఫీల్డ్ ఎంపీయే. ఆ రాత్రి మా వీధిలో ఎవరూ పడుకోలేదు. ఆ ప్రభుత్వం బడులకూ ఆసుపత్రులకూ డబ్బు ఇచ్చింది, కాదనను. కానీ గని ఉద్యోగం పోయినవాడికి గిడ్డంగిలో పెట్టెలు మోసే పని దొరికితే, జీతంతోపాటు మర్యాద కూడా తగ్గింది. 1997లో 71 శాతం ఉన్న పోలింగు 2001లో 59కి పడిపోయింది. లేబర్ మళ్లీ నాలుగు వందల సీట్లకు పైగా గెలిచింది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. మూలన కూర్చుని మాట మానేసిన మనిషిని ఇంట్లోవాళ్లు బాగానే ఉన్నాడనుకున్నట్టే అయింది.

ఆ తరువాత నమ్మకాన్ని కొరికేసిన సంగతులు చాలా ఉన్నాయి. ఇరాక్ యుద్ధం, బ్యాంకుల పతనం, దాని వెనకే వచ్చిన పొదుపు కోతలు. కానీ జనానికి ఎక్కువగా గుర్తుండేవి చిన్నవి. 2009లో ఎంపీల ఖర్చుల బిల్లులు పత్రికకెక్కాయి. ఒకాయన తన కొలనులో బాతుల కోసం చిన్న ఇల్లు పెట్టించి 1,645 పౌండ్ల బిల్లు పంపాడు. ఆ డబ్బు ఆయనకు ఇవ్వలేదు. అయినా ఇప్పటికీ అందరూ చెప్పుకునేది ఆ బాతుల గురించే.

రెండోది మా జిల్లా ముచ్చటే. 2020లో కోవిడ్ వచ్చి అందరూ ఇళ్లలోనే ఉండాలన్నారు. అప్పటి ప్రధాని సలహాదారు డొమినిక్ కమింగ్స్ లండన్ నుంచి కుటుంబంతో డర్హమ్‌కు కారులో వచ్చాడు. ఆపైన బార్నార్డ్ కాసిల్ అనే ఊరికీ వెళ్లాడు. ఎందుకంటే, కళ్లు బాగా కనిపిస్తున్నాయో లేదో చూసుకోవడానికట! నేను వైద్యుణ్ణి. కళ్లు పరీక్షించుకోవడానికి కారు నడపమని ఎవరికీ చెప్పలేదు. అదే సమయంలో తల్లి అంత్యక్రియలకు వెళ్లలేక కిటికీ దగ్గర కూర్చుని ఏడ్చినవాళ్లు నాకు తెలుసు.

ఇక వలసల సంగతి. ఇది రాయడం నాకు కష్టమే, ఎందుకంటే నేనూ వలస వచ్చినవాడినే. 2010లో కన్జర్వేటివ్‌లు నికర వలసను, అంటే వచ్చినవాళ్లలోంచి వెళ్లిపోయినవాళ్లను తీసేస్తే మిగిలే లెక్కను, ఏడాదికి లక్షలోపుకు తెస్తామన్నారు. 2023 మధ్యకు వచ్చేసరికి అది 9 లక్షలు దాటింది. వచ్చినవాళ్లలో చదువులకు వచ్చిన మన తెలుగు పిల్లలూ ఉన్నారు. రావడం వాళ్ల తప్పు కాదు, ప్రభుత్వమే వీసాలిచ్చి పిలిచింది. ఒక మాట చెప్పి దానికి సరిగ్గా వ్యతిరేకమైన పని చేసినవాళ్ల మీద కోపం రావడమూ తప్పు కాదు.

2025 ఏప్రిల్‌లో నా పాత పేషెంటు ఒకాయన కూరగాయల దుకాణం దగ్గర కలిశాడు. "డాక్టరు గారూ, ఈసారి రిఫామ్ పార్టీకి వేస్తున్నాను. మీ గురించి కాదు సుమండీ" అన్నాడు. వలసలు తగ్గించాలనే కొత్త పార్టీ అది. "నేనూ బయటినుంచి వచ్చినవాడినే కదా" అన్నాను. "మీరు వేరు" అన్నాడు. ఆ మాటను మెచ్చుకోలు అనుకోవాలో దెబ్బ అనుకోవాలో ఇప్పటికీ తేల్చుకోలేదు. తరువాత అరగంట మాట్లాడాడు. సాయంత్రం బస్సు తీసేశారు, పళ్ల డాక్టరు దొరకడం లేదు, కొడుకు పని కోసం లీడ్స్ వెళ్లిపోయాడు, బజారులో సగం దుకాణాలకు చెక్కలు కొట్టారు. అరగంటలో వలసవాళ్ల ప్రస్తావన రెండు నిమిషాలు. తక్కినదంతా తన ఊరి గురించే.

ఇంత కోపం ఉంటే ఇన్నాళ్లూ ఎందుకు కనిపించలేదని మీరు అడగాలి. దాన్ని దాచిపెట్టింది ఎన్నికల పద్ధతి. నియోజకవర్గంలో అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడే ఎంపీ. మనమూ వీళ్ల దగ్గర నేర్చుకున్నదే ఇది. 2009లో ప్రజారాజ్యానికి పదహారు శాతానికి పైగా ఓట్లు వచ్చి 294లో 18 సీట్లే దక్కాయని మీ నాన్నను అడిగితే చెబుతాడు. ఇక్కడ 2015లో యూకిప్ అనే పార్టీకి 39 లక్షల ఓట్లు వస్తే దక్కింది ఒకే సీటు. 2024లో నైజెల్ ఫరాజ్ నడిపే రిఫామ్‌కు 41 లక్షల ఓట్లకు ఐదు సీట్లు, లిబరల్ డెమొక్రాట్లకు 35 లక్షల ఓట్లకు 72 సీట్లు. లేబర్‌కు 97 లక్షల ఓట్లతో 411 సీట్లు. అదే లేబర్ 2019లో కోటీ రెండు లక్షలకు పైగా ఓట్లు తెచ్చుకుని చిత్తుగా ఓడిపోయింది. తిక్కలెక్క అంటారా? నాకూ అలాగే అనిపిస్తుంది. సౌత్ వెస్ట్ నార్‌ఫోక్‌లో మాజీ ప్రధాని లిజ్ ట్రస్‌ను ఓడించిన లేబర్ అభ్యర్థికి వచ్చినవి వందకు 27 ఓట్లు కూడా లేవు.

ఈ పద్ధతి పాత పార్టీలకు గోడలా కాపు కాస్తుంది, ఒక ఎత్తు వరకే. నీరు ఆ ఎత్తు దాటితే గోడే వాళ్లను ముంచుతుంది. ఇది కొత్తేమీ కాదు. 1900లో లేబర్‌కు ఇద్దరే ఎంపీలు. 1906లో నాలుగు వందలకు చేరువగా గెలిచిన లిబరల్ పార్టీ 1924 చివరికి నలభైకి కుంగిపోయింది, ఆ ఏడాదే లేబర్ మొదటిసారి ప్రభుత్వం నడిపింది. అప్పటి తిరుగుబాటుదారు లేబరే. 1919లో అది దేశంలో మొట్టమొదట చేజిక్కించుకున్న కౌంటీ కౌన్సిల్ (మన జిల్లా పరిషత్తు లాంటిది) ఏదనుకున్నారు? మా డర్హమే.

2025 మే 1న అదే కౌన్సిల్‌కు ఎన్నికలు జరిగాయి. 98 సీట్లలో రిఫామ్‌కు 65. లేబర్‌కు నాలుగు.

పాత పార్టీలను వదిలినవాళ్లంతా ఒకే దారి పట్టలేదు. కొందరు గ్రీన్ పార్టీ వైపు వెళ్లారు. లెస్టర్ సౌత్‌లో గాజా యుద్ధం మీద కోపంతో స్వతంత్రుణ్ణి గెలిపించారు. వేల్స్‌లోని కేర్‌ఫిలీలో నూరేళ్లుగా గెలుస్తున్న లేబర్‌ను 2025 అక్టోబరు ఉప ఎన్నికలో మూడో స్థానానికి నెట్టి వేల్స్ జాతీయవాద పార్టీ ప్లైడ్ కమ్రిని ఎన్నుకున్నారు.

నా అభిప్రాయం అడుగుతారు కాబట్టి చెబుతాను. రోగం నిజమే. రిఫామ్ రాసిచ్చే మందు మీద నాకు నమ్మకం లేదు. కొత్త పార్టీ అంటున్నారు గానీ, అందులో నాయకులు చాలామంది నిన్నటి కన్జర్వేటివ్‌లే. కౌన్సిల్ డబ్బులో ఎక్కువ భాగం ముసలివాళ్ల, పిల్లల సంరక్షణకే పోతుంది, అది చట్టం. ఎవరు కుర్చీ ఎక్కినా తెరిచేది ఆ ఖాళీ సంచినే. నా పేషెంటు బస్సు ఏ డబ్బుతో తిరిగి వస్తుందో నాకు ఎవరూ చెప్పలేదు.

ఒక తమాషా చెప్పి ముగిస్తాను. కామన్వెల్త్ దేశాల పౌరులు వీసా మీద ఇక్కడ ఉంటే చాలు, పేరు నమోదు చేసుకుని ఓటు వేయవచ్చు. గుర్తింపుకు మన పాస్‌పోర్టే సరిపోతుంది. అలా ఆ మే నెలలో ఇక్కడ చదువుతున్న తెనాలి కుర్రాడిని వెంటబెట్టుకుని మా చర్చి హాలుకు వెళ్లాను. గుమ్మంలో మా చేతికిచ్చిన కరపత్రంలో వీసా విద్యార్థులు తగ్గాలని ఉంది. అతను దాన్ని శ్రద్ధగా చదివి, మడిచి జేబులో పెట్టుకుని లోపలికి వెళ్లాడు. కాసేపటికి ముఖం వేలాడేసుకుని బయటికి వచ్చాడు. ఏమయిందని కంగారుపడ్డాను.

"పెన్సిలుతో గీత పెట్టమన్నారు తాతగారూ. వేలికి సిరా చుక్క కూడా పెట్టలేదు. ఇంటికి ఏ ఫోటో పంపను?" అన్నాడు.

మీ
పెదతాతయ్య