చెట్టు గింజలు: అన్నీ చెనిక్కాయలు కావు

జూన్ చివర మొదలై ఆగస్టు దాకా తిరుపతి చుట్టుపక్కల నర్సరీల్లో వినబడే ఫిర్యాదు ఒకటే. "అన్నా, గింజలు బాగా ఎండబెట్టినాం. డబ్బాలో పోసి గట్టిగా మూత పెట్టినాం. పురుగు కూడా పట్టలేదు. నాటితే ఒక్కటీ మొలవలేదు. మన్ను బాగలేదా?"

మన్నుకేం కాలేదు. గింజ డబ్బాలోకి పోకముందే, మిద్దె మీద ఎండలోనే చచ్చిపోయింది.

అపోహ: ఏ గింజైనా బాగా ఎండితేనే మొలుస్తుంది

చెనిక్కాయ (వేరుశనగ) పండించే ఇళ్లలో ఈ మాట ఎవరూ నేర్పక్కర్లేదు. ఊపితే కాయ గలగలమనాలి, అప్పుడే అది విత్తనం. చెనిక్కాయకు, కందికి, చింతగింజకు అది సరిపోతుంది. పనస, నేరేడు, మామిడి ఆ దారిలో పోవు. తేమతో రాలి, ఆ తేమ ఆరకముందే మొలకెత్తే గింజలవి. లోపలి తేమ ఒక హద్దు దాటి తగ్గితే మొలక చస్తుంది. తర్వాత రాత్రంతా నానబెడితే గింజ ఉబ్బుతుంది తప్ప మొలవదు.

పనస: తొన తిన్నరోజే గింజ మీది జిగురు కడిగేసి, వారం లోపల మన్ను నింపిన నర్సరీ సంచిలో పెట్టేయండి. అడ్డంగా పడుకోబెట్టి, అంగుళం మన్ను కప్పితే చాలు. మొలక రావడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, కంగారుపడి తవ్వి చూడొద్దు. నారుమడిలో పోసి పీకి నాటితే తల్లివేరు తెగుతుంది కాబట్టి నేరుగా సంచిలోనే వేయాలి.

నేరేడు: పది పదిహేను రోజులే గడువు. ఒక్క గింజ నుంచి రెండు మూడు మొలకలు లేస్తాయి. బలమైనది ఉంచి మిగతావి గిల్లేయండి.

మామిడి: చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర తోతాపురి టెంకలు కుప్పలుగా దొరుకుతాయి. కుప్ప అడుగున ఉన్నవి పులిసి వేడెక్కి ఉంటాయి, వాటిని ముట్టుకోవద్దు. ఆ వారంలో తీసినవే ఏరుకోండి. టెంక అంచును కత్తెరతో జాగ్రత్తగా చీల్చి జీడి బయటికి తీస్తే మొలక త్వరగా వస్తుంది, టెంకపురుగు తిన్నవి కూడా అక్కడే బయటపడతాయి. జీడి వంపు పైకి ఉండేలా పెట్టాలి. తిరగేసి పెడితే కాండం మెలి తిరుగుతుంది.

వేప వీటికన్నా కాస్త ఓర్చుకుంటుంది. పసుపు తిరిగిన పండ్లను పిసికి, గుజ్జు పూర్తిగా కడిగి, నీడలో మూడు నాలుగు రోజులు ఆరనివ్వొచ్చు. రెండు వారాల లోపల నాటాలి. అనుమానంగా ఉంటే ఒక గింజ పగలగొట్టి చూడండి. పప్పు పచ్చగా ఉంటే బతికున్నట్టు. గోధుమరంగుకు తిరిగిందంటే ఆ మూట వేపపిండికి పనికొస్తుంది, మొలకకు కాదు.

"పోనీ ఫ్రిజ్‌లో పెడితే?" అని అడుగుతారు. పనస, నేరేడు, మామిడి చలికి కూడా దెబ్బతింటాయి. నాలుగు రోజులు ఆగక తప్పదనుకుంటే తడి కొబ్బరిపొట్టులో కలిపి నీడన ఉంచండి. పొట్టును పిడికిట పిండితే నీళ్లు కారకూడదు. పోయినేడు గింజలు పోగొట్టుకున్నవాళ్లు బాధపడక్కర్లేదు, ఈ జూన్‌లో మళ్లీ రాలతాయి.

అపోహ: వేడినీళ్లు పోస్తే ఏ గింజైనా లేస్తుంది

వీడియోలు చూసి వేపగింజలు ఉడకబెట్టినవాళ్లున్నారు! వేడినీళ్లు సుబాబుల్ లాంటి గట్టి పెంకు గింజలకే. నీళ్లు మరిగాక పొయ్యి మీంచి దించి, కాసేపాగి గింజలు వేసి, తెల్లారేదాకా అలాగే వదిలేయాలి. గింజలు పొయ్యి మీద మరగకూడదు. చింతకు చన్నీళ్లలో ఒక రోజు నానితే చాలు. రేలగింజను ముచ్చిక వైపు కాకుండా రెండో చివర గరుకు రాయి మీద కొంచెం అరగదీసి నానబెట్టండి. పెంకు మెత్తబడాలని యాసిడ్ జోలికి ఇంట్లో పోవద్దు.

అపోహ: నీళ్లలో తేలితే తాలు గింజ

చింతకు చాలావరకు సరే. ఎర్రచందనానికి పనికిరాదు. రెక్కతో ఉండే ఆ కాయ ఎంత మంచిదైనా తేలుతుంది. రెక్క కత్తిరించి, రోజూ నీళ్లు మారుస్తూ మూడు రోజులు నానబెట్టండి. మొలకలు ఒక్కసారి రావు, కొన్ని నెల దాటాక కూడా వస్తాయి. కావలసిన మొక్కలకు రెట్టింపు కాయలు పోసుకోవాలి.

ఎర్రచందనం పెంచితే కేసు పెడతారన్నది వట్టి పుకారు. పట్టా భూమిలో పెంచుకోవచ్చు. కొట్టడానికి, తరలించడానికి అటవీశాఖ అనుమతి కావాలి. కాయల కోసం శేషాచలం అడవిలోకి మాత్రం పోకండి, నర్సరీలో కొనుక్కోండి.

అపోహ: ఎరువు, నీళ్లు ఎంత ఎక్కువైతే అంత మంచిది

రెండు పాళ్లు ఎర్రమన్ను, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు. పచ్చి పేడ వేస్తే వేడికి వేరు మాడుతుంది. గింజ మందానికి ఒకటిన్నర రెట్లు లోతు చాలు. సాయంత్రం సంచి పైమన్ను ఇంకా బురదగా ఉందంటే నీళ్లు ఎక్కువైనట్టే. అప్పుడే నారుకుళ్లు వస్తుంది, మొలక మొదలు దగ్గర నల్లబడి వాలిపోతుంది. నీళ్లు తగ్గించి, కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి మొదళ్లలో పోయండి.

అపోహ: తొలకరికే మొక్కలు నాటేయాలి

మన వైపు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య పడతాయి. జూన్, జూలైలో సంచిలో పెట్టిన వేప, నేరేడు అప్పటికి నాటే ఎత్తుకొస్తాయి. ఈలోగా మూడు వారాలకొకసారి సంచులు జరపండి. లేకపోతే సంచి అడుగున వేరు నేలలోకి దిగుతుంది, అక్టోబరులో ఎత్తినప్పుడు తెగుతుంది.