"అనుమతి ఉన్న వెంచరే కదా!": లేఅవుట్ ప్లాన్లపై అపోహలు, వాస్తవాలు

ప్లాటు కొనబోయేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "అనుమతి ఉందా?" అని. ఉందని చెబితే చాలు, ఆ సాయంత్రమే బయానా ఇచ్చేస్తారు. ఏ దశ అనుమతి, ఎవరిచ్చిన అనుమతి, ఏ షరతుల మీద ఇచ్చిన అనుమతి అని అడిగేవాళ్లు అరుదు. లేఅవుట్ ప్లాన్లు గీయడం, వాటిని పురపాలక, పట్టణాభివృద్ధి సంస్థల్లో దాఖలు చేయడం, అక్కడి నుంచి వచ్చే అభ్యంతరాలకు జవాబులు రాయడం నా వృత్తి. అనుమతి పత్రం మొదటి పేజీలోని ఎల్పీ (లేఅవుట్ పర్మిట్) నంబరును ఫోనులో ఫొటో తీసుకుని, ఆ వెనుక ఉన్న షరతులను వదిలేయడం వల్లే సగం గొడవలు వస్తున్నాయని నా అభిప్రాయం.

కింద చెప్పే కొలతలు 2012లో వచ్చిన జీవో 168 భవన నియమాల్లోవి. తెలంగాణలో ఇప్పటికీ వీటినే ఆధారంగా తీసుకుంటున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో వేరే నియమాలు వచ్చాయి. రెండు చోట్లా సవరణలు వస్తూనే ఉంటాయి కాబట్టి, మీ ఫైలు పెట్టే రోజుకు ఏది అమల్లో ఉందో చూసుకోవాలి.

అపోహ: సర్పంచి సంతకం, పంచాయతీ ముద్ర ఉంటే అది అనుమతి ఉన్న లేఅవుటే.

వాస్తవం: కాదు. లేఅవుటుకు సాంకేతిక ఆమోదం డీటీసీపీ (పట్టణ, గ్రామీణ ప్రణాళికా శాఖ) నుంచి రావాలి, హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) పరిధిలో అయితే ఆ సంస్థ నుంచి రావాలి. పంచాయతీ సొంతంగా ముద్ర వేసి ఇచ్చినంత మాత్రాన అది లేఅవుట్ కాదు. ఇలాంటి "పంచాయతీ వెంచర్లు" పుట్టగొడుగుల్లా లేచినందువల్లే క్రమబద్ధీకరణ పథకాలు పెట్టాల్సి వచ్చింది. 2020 నాటి లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం (ఎల్‌ఆర్‌ఎస్) లో ఒక నిబంధన చూడండి. లేఅవుటులో 10 శాతం ఖాళీ స్థలం వదలకపోతే, రిజిస్ట్రేషన్ నాటి ప్లాటు విలువలో 14 శాతం అదనంగా కట్టాలి. అంటే పార్కు స్థలాన్ని కూడా ప్లాట్లు చేసి అమ్ముకున్నది వెంచర్ వేసినాయన, దాని ఖరీదు కడుతున్నది కొన్నవాళ్లు. ఇంతా కట్టినా ఆ కాలనీకి పార్కు మాత్రం రాదు.

పంచాయతీ కాగితాన్ని నమ్మడం ఎంత దూరం వెళ్తుందో కేరళలోని మరడు చూపించింది. తీరప్రాంత నియంత్రణ జోన్ నిబంధనలు వర్తించే చోట, పైస్థాయి అనుమతి లేకుండా స్థానిక పంచాయతీ ఇచ్చిన పర్మిట్లతో అపార్టుమెంట్లు కట్టారు. సుప్రీంకోర్టు 2019లో ఆదేశించింది, 2020 జనవరిలో నాలుగు సముదాయాలను పేల్చి పడగొట్టారు. అందులో ఫ్లాట్లు కొన్నవాళ్లు పర్మిట్ చూసుకునే కొన్నారు.

అపోహ: నాలా మార్పిడి అయిపోయింది, ఇక ప్లాన్ ఆమోదం లాంఛనమే.

వాస్తవం: నాలా అంటే వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా రెవెన్యూ శాఖ నమోదు చేయడం. ఆ భూమి మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్‌లో ఉందన్నది పూర్తిగా వేరే సంగతి. 2013లో నోటిఫై అయిన హెచ్‌ఎండీఏ మాస్టర్ ప్లాన్‌లో మీ సర్వే నంబరు కన్జర్వేషన్ జోన్‌లో ఉంటే, నాలా ఉత్తర్వు చేతిలో ఉన్నా అక్కడ నివాస లేఅవుట్ రాదు. జోన్ మారాలంటే ప్రభుత్వం నుంచి భూ వినియోగ మార్పిడి ఉత్తర్వు రావాలి. నాలా పత్రం చూపించి "ఇళ్ల స్థలం" అని అమ్మడం చాలా పాత పద్ధతి, ఇప్పటికీ చక్కగా పనిచేస్తోంది.

అపోహ: డ్రాఫ్ట్ లేఅవుట్ వచ్చిందంటే అంతా అయిపోయినట్టే.

వాస్తవం: అసలు పని అప్పుడే మొదలవుతుంది. డ్రాఫ్ట్ అంటే "ఈ ప్లాన్ ప్రకారం రోడ్లు, మురుగు కాలువలు, నీటి పైపులు, కరెంటు స్తంభాలు వేసి చూపించు, తర్వాత తుది ఆమోదం ఇస్తాం" అని సంస్థ చెప్పడమే. వేస్తారన్న పూచీ కోసం కొన్ని ప్లాట్లను సంస్థ పేరిట తనఖా పెట్టించుకుంటారు. హెచ్‌ఎండీఏ లేఅవుట్లలో ఇది ప్లాట్ల విస్తీర్ణంలో 15 శాతం. పనులు పూర్తయ్యాక అధికారులు వచ్చి చూసి, తుది లేఅవుట్ ఇచ్చాకే ఆ తనఖా విడుదలవుతుంది.

తనఖాలో పెట్టిన ప్లాట్ల నంబర్లు ప్రొసీడింగ్స్‌లో, అంటే అనుమతి ఉత్తర్వులో, వరుసగా రాసి ఉంటాయి, ప్లాన్ మీద వేరే రంగులోనో గీతలతోనో గుర్తు పెట్టి ఉంటాయి. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ లావాదేవీలు చూపే పత్రం) తీస్తే తనఖా దస్తావేజు కనబడుతుంది. అయినా జనం కొంటారు. ఎందుకంటే అవి గజానికి కొంత తక్కువకు వస్తాయి, "ఆరు నెలల్లో విడుదలవుతాయి, అప్పుడు రిజిస్ట్రేషన్ చేసిస్తాం" అని అగ్రిమెంటు రాసిస్తారు. రోడ్లు పూర్తికాకపోతే ఆ ఆరు నెలలు ఎన్నేళ్లయినా సాగవచ్చు. ఒకవేళ డెవలపర్ చేతులెత్తేస్తే, సంస్థ ఆ ప్లాట్లనే అమ్మి రోడ్లు వేయించవచ్చు. తనఖా పెట్టించుకునేదే అందుకు. అగ్రిమెంటు పట్టుకున్నవారు అప్పుడు ఎవరి మీద దావా వేయాలో మీరే ఆలోచించండి. ప్రీలాంచ్ ధర చెప్పి, ప్లాట్ నంబరు మాత్రం చెప్పకుండా డబ్బు అడుగుతున్నారంటే ముందు అనుమానించాల్సింది ఈ తనఖా ప్లాట్లనే.

అపోహ: మున్సిపాలిటీ ప్లాన్ ఇచ్చిందంటే భూమి పత్రాలు సరిగ్గా ఉన్నట్టే.

వాస్తవం: ప్లాన్ పరిశీలించేవారు దరఖాస్తుదారుకు పైపైన హక్కు ఉన్నట్టు కనబడుతోందా అన్నంత వరకే చూస్తారు. హక్కు తేల్చడం సివిల్ కోర్టు పని. "ఈ అనుమతి యాజమాన్య హక్కుకు రుజువు కాదు" అన్న వాక్యం ప్రొసీడింగ్స్‌లోనే ఉంటుంది. లింకు దస్తావేజులు వకీలుకు చూపించే ఖర్చు మిగుల్చుకోకండి.

అపోహ: బ్రోషరులో చెరువు పక్కన పార్కు చూపించారంటే అది అదనపు సౌకర్యం.

వాస్తవం: ఇది కొంచెం వివరంగా చెప్పాలి. చెరువు పూర్తి నీటిమట్టం గీతను ఎఫ్‌టీఎల్ అంటారు. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఆ గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులు, కుంటలైతే 9 మీటర్లు బఫర్‌గా వదలాలి. వాగు, నాలా 10 మీటర్ల కన్నా వెడల్పు ఉంటే 9 మీటర్లు, లేదంటే 2 మీటర్లు. అక్కడ ఏమీ కట్టకూడదు. (ఇక్కడ నాలా అంటే నీళ్లు పారేది, పైన చెప్పిన నాలా కాదు. ఒకే ఫైలులో రెండూ ఉంటాయి, కొత్తగా చేరిన కుర్రాళ్లు తికమకపడుతుంటారు.)

అదే జీవోలో ఇంకో మాట ఉంది: అలా వదిలిన బఫర్‌ను ఖాళీ స్థలం కోటాలో లెక్కించుకోవచ్చు, సెట్‌బ్యాక్‌లో, అంటే భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీలో మాత్రం లెక్కించకూడదు. ఇక మా దగ్గరికి వచ్చే డెవలపర్లు ఏం అడుగుతారో ఊహించుకోవచ్చు. ఎలాగూ కట్టడానికి వీల్లేని నేలను పార్కుగా చూపిస్తే, కట్టడానికి వీలున్న నేల అంతా ప్లాట్లకు మిగులుతుంది. ఇది నిబంధనకు లోబడిన పనే, తప్పు పట్టడానికి లేదు. కానీ కొనేవారు తెలుసుకోవాల్సింది ఏమిటంటే, ఆ పార్కు ఎవరూ ఉదారంగా ఇచ్చింది కాదు, కాలనీకి రావాల్సిన ఖాళీ స్థలమే అక్కడికి జరిగింది. మంచి వానాకాలంలో అది తడిగానే ఉంటుంది. కాలనీ మధ్యలో పిల్లలు ఆడుకునే చోటు కావాలనుకుంటే ప్లాన్‌లో ఇంకో ఖాళీ స్థలం ఉందా అని చూడండి.

ఎఫ్‌టీఎల్ హద్దు ఎక్కడ అన్నది నీటిపారుదల, రెవెన్యూ శాఖలు చెప్పాలి. ప్రాథమిక నోటిఫికేషన్‌కు, తుది నోటిఫికేషన్‌కు మధ్య ఆ గీత జరిగే అవకాశం ఉంది. 2024 జూలైలో చెరువులు, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలు తొలగించే సంస్థ హైడ్రా ఏర్పడి కూల్చివేతలు మొదలయ్యాక గాని ఈ గీత గురించి హైదరాబాద్‌లో జనం మాట్లాడుకోలేదు. అంతకు ముందు దాన్ని చూసేది మేము, అధికారులు మాత్రమే.

పార్కు, రోడ్ల స్థలాలను గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు రాసి ఇవ్వాలి. రాసిచ్చాక అది డెవలపర్‌ది కాదు, కాలనీ సంఘానిది కూడా కాదు. తర్వాత ఎవరైనా అక్కడ క్లబ్ హౌస్ గాని గుడి గాని కట్టబోతే నివాసులు ప్రశ్నించవచ్చు. బెంగళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇస్తే, చుట్టుపక్కలవాళ్లు వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపును చెల్లదంది.

అపోహ: ఈశాన్యం మూల ప్లాటు, మూల తెగకుండా కట్టుకోవచ్చు.

వాస్తవం: వాస్తు ప్రేమికులకు ఇది చేదువార్త. రెండు రోడ్లు కలిసే మూలలో, వచ్చే బండి కనబడేలా స్థలాన్ని ఏటవాలుగా వదలాలి. రోడ్డు 12 మీటర్లలోపు అయితే 3 మీటర్లు గుణించి 3 మీటర్లు, 12 నుంచి 24 మీటర్లు అయితే నాలుగున్నర, అంతకు మించితే 6. ఈశాన్యంలో రోడ్లు కలిసే ప్లాటుకు అందరికన్నా ఎక్కువ ధర పెట్టి కొంటారు. తీరా ఇంటి ప్లాన్ గీసే రోజున సరిగ్గా ఆ ఈశాన్యమే తెగుతుంది. చిన్న రోడ్డు అయినా నాలుగున్నర చదరపు మీటర్లు, అంటే ఇంచుమించు అయిదున్నర గజాలు పోతాయి. "మూల తెగని ప్లాన్ ఇవ్వండి" అని అడుగుతారు. ప్లాన్ పరిశీలించే అధికారి పట్టికలో వాస్తు అన్న గడి లేదు. వీధిపోటు కూడా లేదు. ఆ పోటు తప్పించడానికి రోడ్లను వంకర తిప్పమని డెవలపర్లు కోరినప్పుడు మేము తిప్పుతాం గాని, తిప్పినందుకు రోడ్డు వెడల్పు తగ్గకూడదు.

అపోహ: హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి లేదు కాబట్టి ఎన్ని అంతస్తులైనా వేసుకోవచ్చు.

వాస్తవం: ఎఫ్‌ఎస్‌ఐ అంటే స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చన్న లెక్క. 2006లో ఆ పరిమితి తీసేసిన మాట నిజమే. దాని బదులు ఎత్తును రోడ్డు వెడల్పుకు, చుట్టూ వదిలే ఖాళీకి ముడిపెట్టారు. 18 మీటర్లు, అంతకు మించితే ఎత్తయిన భవనం, దానికి కనీసం 2000 చదరపు మీటర్ల స్థలం ఉండాలి. 2012 పట్టిక ప్రకారం 50 మీటర్ల భవనానికి ముందు 30 మీటర్ల రోడ్డు, చుట్టూ 14 మీటర్ల ఖాళీ కావాలి. పరిమితి ఎత్తేయలేదు, చోటు మార్చారంతే. పక్కనున్న వీధులు, మురుగు పైపులు ఆ జనాభాను మోయగలవా అన్నది ఈ పట్టిక పట్టించుకోదు. ఈ పద్ధతి మీద నా ప్రధాన ఫిర్యాదు అదే.

అపోహ: వెంచర్ పెట్టే ముందు ఊరివాళ్ల అభ్యంతరాలు వింటారు.

వాస్తవం: ఒక్కో లేఅవుటుకు ప్రజాభిప్రాయ సేకరణ అంటూ ఉండదు. మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చినప్పుడు, భూ వినియోగం మార్చబోతున్నట్టు పత్రికల్లో ప్రకటన వచ్చినప్పుడు అభ్యంతరాలు చెప్పాలి. ఆ ప్రకటనలు చాలా చిన్న అక్షరాల్లో ఉంటాయి.

అపోహ: 21 రోజులు దాటితే అనుమతి వచ్చినట్టే, ఇక ఎవరూ ఆపలేరు.

వాస్తవం: 2020 నవంబరులో మొదలైన టీఎస్-బీపాస్ (తెలంగాణ ఆన్‌లైన్ భవన అనుమతుల విధానం) ఈ వాడుక తెచ్చింది. 75 గజాల లోపు స్థలంలో కట్టే చిన్న ఇంటికి రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో, 10 మీటర్ల ఎత్తు మించని ఇంటికి స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి. అంతకు మించితే 21 రోజుల గడువు. వేగం మంచిదే. కానీ స్వీయ ధ్రువీకరణ అంటే పరిశీలన భారం మీ నెత్తికి మారిందని అర్థం. తప్పు సమాచారం ఇచ్చి కట్టినది నోటీసు ఇవ్వకుండా కూల్చే అధికారం అదే చట్టంలో ఉంది. గడువు దాటి వచ్చిన అనుమతి చెరువు బఫర్‌ను చెరిపేయదు.

అపోహ: మంజూరైన ప్లాన్ ఉన్న భవనాన్ని కూల్చరు.

వాస్తవం: నోయిడా జంట టవర్లకు అక్కడి అథారిటీ ప్లాన్లు మంజూరు చేసింది. ఒకసారి కాదు, సవరించి మళ్లీ. మొదటి ప్లాన్‌లో తోట చూపించిన చోటికి టవర్లు వచ్చాయి, పక్క భవనానికి ఉండాల్సినంత దూరం లేదు, ముందే ఫ్లాట్లు కొన్నవాళ్ల సమ్మతి తీసుకోలేదు. అధికారులు, బిల్డరు కుమ్మక్కయ్యారని సుప్రీంకోర్టు 2021 ఆగస్టులో తేల్చింది, ఏడాది తర్వాత ఆ టవర్లు నేలమట్టమయ్యాయి. మంజూరు చేసిన ప్లాన్ నిబంధనకు విరుద్ధమైతే ఆ మంజూరే చెల్లదు. ఇప్పుడు రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ ప్రకారం, మీరు కొన్న తర్వాత లేఅవుట్ ప్లాన్ మార్చాలంటే కొన్నవారిలో మూడింట రెండొంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. "చిన్న సవరణ" అంటూ సంతకం కోసం కాగితం వస్తే పాత ప్లాన్, కొత్త ప్లాన్ పక్కపక్కన పెట్టి చూడండి. ముందుగా పార్కు కొలత, తర్వాత రోడ్డు వెడల్పు.

అపోహ: సెట్‌బ్యాక్‌లో 10 శాతం దాకా తగ్గించుకోవడం మన హక్కు.

వాస్తవం: హక్కు కాదు. ఓసీ (నివాసయోగ్య పత్రం) ఇచ్చే సమయంలో, పక్క, వెనుక ఖాళీల్లో చిన్న తేడాలను జరిమానాతో సర్దుబాటు చేసే వెసులుబాటు అది. ముందు వైపు ఖాళీకి, అదనంగా వేసిన అంతస్తుకు వర్తించదు. కొందరు ప్లాన్ గీయించేటప్పుడే "ఆ పది శాతం కలిపి గీయండి" అంటారు. అలా గీస్తే ఇక తప్పుకు చోటెక్కడ? మేస్త్రీ గోడను మూడంగుళాలు జరిపితే చాలు, ఓసీ ఆగిపోతుంది. ఓసీ లేకపోయినా కాపురం ఉండవచ్చు, కరెంటు వస్తుంది అనుకునే రోజులు కూడా పోతున్నాయి. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు, ఓసీ లేదా నిర్మాణం పూర్తయిన పత్రం చూశాకే కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వాలనీ, బ్యాంకులు కూడా అది చూసుకునే రుణం మంజూరు చేయాలనీ ఆదేశించింది.