స్కానింగ్ గదిలో వినబడే మాట

ఐదో నెలలో మా చెల్లెలికి టిఫా స్కాన్ (బిడ్డ అవయవాలన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసేది) చేయించడానికి నేనే తోడు వెళ్లాను. పావుగంటకి బయటికొచ్చింది, మొహంలో నెత్తురు చుక్క లేదు. "అక్కా, బేబీ పొజిషన్ సరిగ్గా లేదంట" అంది. లోపల అన్నది ఇంతే: "పొజిషన్ సరిగ్గా లేదు, ఏమన్నా తిని కాసేపు నడిచి రండి." బిడ్డ వీపు పైకి పెట్టి పడుకుంటే మొహం, గుండె స్పష్టంగా కనబడవు. అటో ఇటో తిరిగేదాకా ఆగాల్సిందే. స్కానింగ్ చేసేవాళ్లకి ఇది రోజూ ఉండే సంగతి. మా చెల్లెలికి మాత్రం 'సరిగ్గా లేదు' అన్న రెండు ముక్కలే చెవిన పడ్డాయి. వరండాలో నడుస్తున్నంతసేపూ పొట్ట మీంచి చెయ్యి తియ్యలేదు.

ఆ తెర మీది బొమ్మని గీసేది శబ్దం. సెకనుకు 20,000 కంపనాలు (హెర్ట్జ్) దాటితే మన చెవికి వినబడదు. పొట్ట మీద ఆనించే ప్రోబ్ పంపే శబ్దమైతే సెకనుకు సుమారు 20 నుంచి 50 లక్షల సార్లు కంపిస్తుంది. ఒంట్లో సెకనుకు దాదాపు 1,540 మీటర్ల వేగంతో పోతూ, తగిలిన ప్రతిచోట నుంచీ కొంత వెనక్కి వస్తుంది. ఎముక గట్టిగా తిప్పికొడుతుంది కాబట్టి తెల్లగా కనబడుతుంది, ఉమ్మనీరు నల్లగా ఉండిపోతుంది. చల్లటి జెల్ పూసేది ప్రోబ్‌కీ చర్మానికీ మధ్య గాలి లేకుండా చెయ్యడానికే. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో ప్రసూతి వైద్యుడు ఇయాన్ డొనాల్డ్ బృందం 1958లో ఈ పద్ధతిని వైద్యలోకం ముందు పెట్టింది. అయితే ఆ తెలుపు నలుపుల్ని చదవడం నేర్చుకున్నవాళ్లకే వస్తుంది. అందుకే పడుకున్న తల్లి తెరని వదిలేసి డాక్టరు మొహం చదువుతుంది. కొలతలు తీసుకుంటూ డాక్టరు మాట్లాడకపోతే, ఆ మౌనాన్నే రిపోర్టు అనుకుంటుంది.

డాక్టరు మాట తల్లి మీద అంత పనిచేస్తుందన్నది ఊహ కాదు. లండన్‌లోని కింగ్స్ కాలేజ్ హాస్పిటల్‌లో స్టువర్ట్ క్యాంప్‌బెల్, ఆయన సహచరులు గర్భిణులను రెండు రకాలుగా స్కాన్ చేసి, ఫలితాలను 1982లో ప్రచురించారు. కొందరికి తెర చూపించి, ఇది తల, ఇదిగో కదులుతోంది అని వివరించారు. మిగతావాళ్లకి తెర చూపించలేదు, అంతా బాగుందని మాత్రం చెప్పారు. చూసి, విన్న తల్లుల్లోనే బిడ్డ మీద, స్కాన్ మీద సదభిప్రాయం ఎక్కువగా కనబడింది. సిగరెట్టు, మద్యం మానమన్న సలహానీ వాళ్లే ఎక్కువగా పాటించారు. యంత్రం ఒకటే, తేడా అంతా చూపించి చెప్పడంలో ఉంది. నాకు ఈ అధ్యయనం అంటే అందుకే గౌరవం.

తండ్రి సంగతి వేరు. తల్లికి వేవిళ్లొస్తాయి, నీరసం వస్తుంది. తొలిచూలైతే 18, 20 వారాలకల్లా లోపల చేపపిల్ల కదిలినట్టు తెలుస్తుంది. తండ్రి ఒంట్లో ఏ మార్పూ ఉండదు. చాలామందికి బిడ్డ నిజంగా ఉందన్న నమ్మకం మొదటిసారి కలిగేది ఆ తెర దగ్గరే. మన దగ్గర చాలాచోట్ల ఆయన్ని తలుపు బయటే ఉంచేస్తారు, తెర కూడా తల్లికి కనబడనివ్వరు. కారణం అడిగితే గోడ మీది బోర్డు చూపిస్తారు: లింగ నిర్ధారణ చట్టరీత్యా నేరం. 1994 నాటి ఆ చట్టం కావాల్సిందే, ఆడపిల్లల ప్రాణాలతో ముడిపడినది. ఆడో మగో అన్నది మాటతో గానీ సైగతో గానీ మరే విధంగా గానీ చెప్పకూడదంటుంది. గుండె కొట్టుకోవడం చూపించొద్దని మాత్రం అందులో ఎక్కడా లేదు.

బెంగంతా గదిలోనే తీరిపోదు, కాగితం మీదా వెంటాడుతుంది. బిడ్డ గుండెలో తెల్లటి చుక్కలాంటిది కనబడితే రిపోర్టులో 'ఎకోజెనిక్ ఇంట్రాకార్డియాక్ ఫోకస్' అని రాస్తారు. మిగతావన్నీ సవ్యంగా ఉంటే అది గుండె జబ్బు కాదు, చాలామంది బిడ్డల్లో దానివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. ఈ ఒక్క వాక్యం ఎవరూ చెప్పక, అర్ధరాత్రి ఫోన్లో వెతుక్కుని ఏడ్చే జంటలున్నారు. అంతకుముందు గర్భం పోయినవాళ్లకైతే ప్రతి స్కానింగూ ఒక పరీక్షే. అందులో దొరికిన ధైర్యం కొద్దిరోజులకే కరిగిపోయి, మళ్లీ తర్వాతి తేదీ కోసం ఎదురుచూపు.

ముప్పావుగంట తర్వాత మళ్లీ పిలిచారు, ఈసారి నన్నూ రమ్మన్నారు. బిడ్డ తిరిగింది. డాక్టరుగారు తెరని మావైపు తిప్పి, "ఇది వెన్నెముక, పూసలు గుచ్చినట్టు ఉంది చూడండి. ఇది గుండె, నాలుగు గదులూ ఉన్నాయి" అన్నారు. "అంత గబగబా కొట్టుకుంటోందేంటి మేడం?" అంది చెల్లెలు కంగారుగా. "148. పొట్టలో బిడ్డకి నిమిషానికి 110 నుంచి 160 దాకా ఉండాలమ్మా."

ఆటోలో కూచోగానే దుబాయ్‌లో ఉన్న మా మరిదికి ఫోన్ చేసింది. హలో అనకుండానే "148 అంటండీ" అంది. అటువైపు నుంచి కాసేపు చప్పుడు లేదు. తర్వాత "ఏదీ, మళ్లీ చెప్పు" అన్నాడు.