ఇపనేమా అమ్మాయి పాట గురించి

పిల్లలూ,

"ఆ అమ్మాయి అతని వంక చూడనే చూడదు కదా తాతయ్యా, మరి పాట అంత హాయిగా ఎందుకుంది?" అని అడిగారు. దారిన పోయే అమ్మాయిని చూస్తూ ఒకాయన దిగులు పడే 'ది గర్ల్ ఫ్రమ్ ఇపనేమా' పాట అది. మీరు విన్నది నార్మన్ గింబెల్ తర్వాత రాసిన ఇంగ్లీషు మాటలు. అసలు పాట బ్రెజిల్‌ది, పోర్చుగీసులో ఉంటుంది. 1962లో టామ్ జోబిమ్ బాణీ కడితే వినీసియస్ ది మొరాయిస్ మాటలు రాశాడు. ఇపనేమా అంటే రియో డి జనీరోలో సముద్రం ఒడ్డున ఉన్న పేట.

ఆ అమ్మాయి నడిచి వెళ్లడం ఎలాంటిదంటే, సాయంత్రం మన వీధిలో మల్లెపూల బుట్ట వెళ్తుంది చూడండి. అరుగు మీద కూర్చున్నాయన జేబులో చిల్లర లేదు, బుట్ట ఆగలేదు. పాపం, పూలు దక్కలేదు! ఇంగ్లీషు పాట అక్కడితో సరిపెట్టుకుంటుంది. పోర్చుగీసు పాటలో ఆయన దిగులు పడుతూనే, బుట్ట ఎత్తుకున్న మనిషి కూడా ఒంటరిగానే పోతోందని గమనిస్తాడు. కాసేపటికి వీధి వీధంతా గుబాళిస్తుంది. కొన్న ఇల్లూ, కొనని ఇల్లూ, మూలమీది సైకిలు పంచరు కొట్టూ. అలిగి లోపలికి పోయినవాడికి ఆ వాసన కూడా దక్కదు సుమా! పాట చివర ఆయన అనేది ఇదే: తను నడిచి వెళ్తుంటే లోకమంతా నవ్వుతుందని, ప్రేమ వల్ల ఇంకా అందంగా అవుతుందని ఆ పిల్లకు తెలిస్తే ఎంత బాగుండు! అక్కడా ఆమెకు తెలియదు. అయితేనేం?

ఇంకోటి. పోర్చుగీసులో చెప్పేవాడు "నేను" అంటాడు. మీరు విన్న రికార్డులో ఇంగ్లీషు పాడింది ఆస్ట్రూడ్ జిల్బెర్టో, ఆడగొంతు. అందుకని ఆ "నేను" కాస్తా "అతను" అయింది. సొంత దిగులు పక్కింటివాడి కబురైపోయింది.

ఇప్పుడో పని చేయండి. 1963లో న్యూయార్క్‌లో రికార్డు చేసిన అదే పాట రెండు నిడివుల్లో దొరుకుతుంది. మూడు నిమిషాల లోపు అయిపోయేది సింగిల్, అంటే విడిగా అమ్మిన చిన్న రికార్డు. పోర్చుగీసు చరణాలు అందులో కోసేశారు. ఐదు నిమిషాలు దాటేదే వెతకండి. మొదట గిటారు, కూనిరాగం, ఆ వెంటనే పోర్చుగీసులో పాడే జువావ్ జిల్బెర్టో గొంతు. చెవిలో చెప్పినట్టు మెల్లగా పాడతాడు, కాబట్టి ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. నడిమి భాగంలో "ఆ..." అని మూడు నిట్టూర్పులు వస్తాయి, ఒక్కోటీ కిందటి దానికంటే ఓ మెట్టు పైన. నేనెందుకింత ఒంటరిని అని మొదటిది, అన్నీ ఎందుకింత దిగులు అని రెండోది. అన్నిటికంటే పైనున్న మూడోదాంట్లో ఫిర్యాదే లేదు, లోకంలో ఉన్న అందం మాటే. మాటలు అర్థం కాకపోయినా ఫరవాలేదు, ఆ మూడో మెట్టు దగ్గర గొంతు ఏం చేస్తుందో విని నాకు రాయండి.

మీ తాతయ్య